మంచులో నడవడానికి కశ్మీరు దాకా వెళ్ళాలా?

పెదవాల్తేరు వాసి

"లంబసింగి ఇంత దగ్గరలో ఉండగా మంచు కోసం కశ్మీరు పరుగెత్తడం దండగ" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను.

విశాఖ నుంచి లంబసింగికి ఏటా వెళతాను. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే తగిలే ఆ చలి నాకు ప్రాణం. కానీ మన భాషలో పొగమంచూ మంచే, గడ్డిపోచ మీది బిందువూ మంచే, కొండను కప్పేసే హిమమూ మంచే. మాట ఒకటైనంత మాత్రాన అనుభవం ఒకటి కాదు.

పోయిన జనవరిలో కశ్మీరులోని గుల్‌మార్గ్‌లో మొదటిసారి స్నోషూలు, అంటే మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, కట్టుకున్నాను. అంతకుముందు మామూలు బూటుతో అడుగు వేస్తే మోకాలి పైదాకా దిగబడ్డాను. దమ్ము చేసిన పొలంలో దిగితే కాలు కూరుకుపోతుంది కదా, అక్కడే పలక వేసి నిలబడితే ఆగుతుంది. స్నోషూ పనిచేసేదీ అలాగే, ఒంటి బరువును వెడల్పుగా పరుస్తుంది. ఉత్తర అమెరికా ఆదివాసులు వంచిన కర్ర చట్రానికి తోలు పట్టీలు అల్లి చేసుకున్న వస్తువిది. ఇప్పుడు చట్రం అల్యూమినియం, జారకుండా అడుగున లోహపు పళ్ళు. బిగింపు మునివేళ్ళ దగ్గరే, మడమ పైకి లేస్తుంది. కాళ్ళు కాస్త ఎడంగా వేయాలి, అంతే. పావుగంటలో అలవాటైంది.

పైన్ చెట్ల మధ్య గైడు ఆగమన్నాడు. ఆగాను. ఏ చప్పుడూ లేదు. కెరటాల హోరు, ఓడల కూత వింటూ పెరిగినవాణ్ణి, అంతటి నిశ్శబ్దం నాకు తెలియదు. ఇంతలో ఒక కొమ్మ మీది మంచు జారి మెత్తగా పడింది. కళ్ళు చెమ్మగిల్లాయి.

గోపాలపట్నం వాసి

ఆ మాట రాసింది నేనే. ఖర్చు సంగతి పక్కన పెట్టండి, నా భయం వేరు. మా బావమరిది డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్ళాడు. 12,500 అడుగుల (సుమారు 3,800 మీటర్ల) శిఖరం. రెండో రాత్రి గుడారంలో తలనొప్పి, వాంతులు. తీసుకెళ్ళినవాళ్ళు "గ్యాస్, మాత్ర వేసుకో" అన్నారు. పక్క గుడారంలో ఒక డాక్టరు ఉండబట్టి కిందకు దింపించారు. రోజూ బీచ్ రోడ్డులో పరుగెత్తే మనిషి! సముద్రమట్టంలో పెరిగిన ఒళ్ళకు ఈ సాహసం ఎందుకు?

మధురవాడ వాసి

నేను నర్సుని. అది గ్యాస్ కాదండీ, ఎత్తు జబ్బు, పైన గాలిలో ప్రాణవాయువు పలచబడటం వల్ల వచ్చేది. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. పరుగు, వ్యాయామం దాన్ని ఆపలేవు. ఒంట్లో సత్తువ ఉన్న కుర్రవాళ్ళే తొందరగా ఎక్కి పడిపోతారు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తల నొప్పిగా ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు, ముదిరితే వెంటనే దిగాలి.

పుట్టిన ఊరిది తప్పు కాదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. అయితే అంతకుముందు డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందింది. మనవాళ్ళు ఆ సగం వదిలేసి మొదటి సగమే చెప్పుకుంటారు.

ఇంకొకటి. చలికి తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకండి. దాన్నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు.

పెదవాల్తేరు వాసి

మధురవాడ గారూ, మీ మాట అక్షరాలా నిజం. గుల్‌మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తు. దిగిన రోజే కేబుల్ కారులో రెండో దశ దాకా వెళితే 3,900 దాటిపోతాం. నేను రెండు రోజులు ఊళ్ళోనే తిరిగాను. గోపాలపట్నం గారూ, మీ బావమరిదికి కీడు చేసింది కొండ కాదు, ఆ తీసుకెళ్ళినవాళ్ళ తొందర. వాళ్ళను వదిలి మంచును తప్పుపట్టకండి.

గోపాలపట్నం వాసి

తొందర వాళ్ళదే కావచ్చు, ప్రాణం మావాడిది. కొండ వాలు మీంచి ఒక్కసారిగా విరిగి జారిపడే మంచు చరియల సంగతి మీరెవరూ ఎత్తనే లేదు. మా అమ్మాయి ఇదంతా చదివి స్నోషూలని పట్టుబట్టింది. మీరు నడిచిన దారి వాలు ఎంత? గైడుకు చరియల గురించి తెలుసా? అది చెప్పండి ముందు.

పెదవాల్తేరు వాసి

అడగవలసిందే అడిగారు. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో విరుగుతాయి. మేము నడిచింది దాదాపు చదునైన అడవి దారి, పైన నిటారు కొండ లేని చోటు. మూడో రోజు ఇంకాస్త పైకి వెళ్దామన్నాను. రాత్రంతా కొత్త మంచు పడింది కాబట్టి రానన్నాడు గైడు. ఆ రోజు కూలి కూడా తీసుకోలేదు. అమ్మాయిని తీసుకెళితే అలాంటి మనిషినే వెతుక్కోండి.