నోటామ్ ఇచ్చి చైనా ఓడల్ని మనమే పిలుస్తున్నామా?

ఛత్రపురం: ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపంలో అగ్ని క్షిపణి పరీక్ష ఉందంటే చాలు, చైనా నిఘా ఓడ హిందూ మహాసముద్రంలో ప్రత్యక్షం. 2022 నవంబరులో యువాన్ వాంగ్ 6. 2024 మార్చి 11న దివ్యాస్త్ర (ఒకే క్షిపణిలో అనేక వార్‌హెడ్లు, అంటే పేలుడు మొనలు) పరీక్ష వేళకి షియాంగ్ యాంగ్ హాంగ్ 01. తేదీలు, అక్షాంశాలు, రేఖాంశాలు మనమే ముందుగా నోటామ్‌లో (విమానాలకిచ్చే హెచ్చరిక నోటీసులో) చాటింపు వేస్తుంటే వాళ్లు రాక ఏం చేస్తారు? ఒక్కరోజు ముందు చెబితే సరిపోదా?

గిరిరోడ్డు: సరిపోదండీ. ప్రమాద ప్రాంతానికి కనీసం ఏడు రోజుల ముందు నోటామ్ ఇవ్వాలన్నది అంతర్జాతీయ విమానయాన నియమం. పాకిస్తాన్‌తో 2005లో చేసుకున్న ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి అయితే మూడు రోజుల ముందు వాళ్లకి విడిగా తెలియజేయాలి. చైనాతో అలాంటి ఒప్పందం లేదు, కాబట్టి వాళ్లు చదివేది ఈ బహిరంగ నోటీసే. చెన్నై నుంచి సింగపూర్, కౌలాలంపూర్ వెళ్లే విమానాలన్నీ బంగాళాఖాతం మీదుగానే పోతాయి. ఆ దారిలో చెప్పాపెట్టకుండా క్షిపణి వదలగలమా?

ఋషికుల్య: అసలు లెక్క ఎవరూ వెయ్యట్లేదు. ఓడ వేగం 18 నాట్లు, అంటే గంటకి 18 నాటికల్ మైళ్లు అనుకోండి. రోజుకి 432 నాటికల్ మైళ్లు, ఏడు రోజులకి 3,024. చైనా తూర్పు తీరం నుంచి సింగపూర్ మీదుగా శ్రీలంక రేవు హంబన్‌టోటకి 3,500 పైమాటే. అంటే నోటామ్ చూసి అప్పుడు లంగరెత్తితే అందదు. ముందునుంచే ఈ చుట్టుపక్కల తచ్చాడుతూ ఉండాలి. అలా నెలల తరబడి ఉండాలంటే నూనె, నీళ్లు, సిబ్బందికి విశ్రాంతి కావాలి. 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5ని హంబన్‌టోటకి రానివ్వొద్దని ఢిల్లీ అంత పట్టుబట్టింది అందుకే. 11న రావలసింది 16న వచ్చింది, అంతే తేడా. ఈ గొడవంతా నోటామ్ గురించి కాదు, రేవుల గురించి.

ఛత్రపురం: మరి 2025 అక్టోబరు సంగతేంటి? నోటామ్ పొడవు 1,480 కి.మీ. నుంచి 2,520కి, మళ్లీ 3,550కి సాగదీశారు. తికమక పెట్టడానికి కాకపోతే ఇంకెందుకు?

ఋషికుల్య: అయ్యుండొచ్చు. కానీ పొడవు మారిస్తే ఓడ నిలబడాల్సిన చోటు మారుతుందే గాని, ఓడ ఇంటికి పోదు. పైగా ఒక్కోసారి మార్చినప్పుడల్లా విమానాలకీ నౌకలకీ దారి మళ్లించాలి. ఆ ఖర్చు చైనాది కాదు.

సోనాపూర్ రేవు: ఆ మ్యాపుల గురించి ఒక మాట. వాట్సాప్‌లో ఎర్రగీతల పటం పెట్టి "రేంజి ఇంత" అని రాసేస్తన్నారు, అదేటి లెక్క బాబూ? ద్వీపం సుమారు 20°45′ ఉత్తరం. గీత చివర 10° దక్షిణం అయితే రెండూ కలపాలి, తీసేయకూడదు. 30°45′, డిగ్రీకి 60 చొప్పున 1,845 నాటికల్ మైళ్లు, 1.852తో హెచ్చిస్తే 3,417 కి.మీ. రేఖాంశం కూడా మారితే ఇంకాస్త పెరుగుతాది. అయినా అది క్షిపణి సత్తా కాదు. 5,000 కి.మీ. పోయేదాన్ని ఎత్తుగా పంపి దగ్గరలోనే దించొచ్చు. ఇంకోటి, గోపాల్‌పూర్ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఫైరింగ్ నోటీసు వేరు, ఇది వేరు. రెండూ కలిపేసి అర్జిపల్లి పడవలు ఊరికే ఒడ్డునుంటే ఆ రోజు వేట పోయినట్టే.

గిరిరోడ్డు: ఇది అందరూ చూడాలి.

తంపర: రేవుల వాదన సగమే నిజం. సరుకులు సముద్రంలోనే ఓడ నుంచి ఓడకి అందుతాయి, 2017 నుంచి జిబూతీలో స్థావరం కూడా ఉంది. మనకి బాధ కలిగించేది ఓడ మీదున్న రాడార్. టెలిమెట్రీని (క్షిపణి కిందికి పంపే సమాచారాన్ని) సంకేతభాషలో పంపి దాచొచ్చు. కాని వాతావరణంలోకి తిరిగొచ్చే వార్‌హెడ్ ఎంత వేగంతో దిగింది, దివ్యాస్త్రలో లాగ ఎన్ని విడిపోయాయి, ఎంత ఎడంతో విడిపోయాయి అన్నది రాడార్ చూస్తే తెలిసిపోతుంది. దానికి తాళం వెయ్యలేం. పడే చోటు మన 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలం దాటి ఉంటుంది కాబట్టి పొమ్మనడానికి చట్టమూ లేదు. 2019లో అండమాన్ దగ్గర షీయాన్ 1ని నేవీ వెళ్లగొట్టిందంటే అది మన మండలంలో అనుమతి లేకుండా దూరింది గనక.

ఛత్రపురం: అయితే చేతులు కట్టుకు కూచోవడమేనా?

తంపర: వాళ్లు మనల్ని చూస్తారు, మనం వాళ్లని చూస్తాం. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన ఐఎన్ఎస్ ధ్రువ్ 2021 సెప్టెంబరులో నేవీలో చేరింది. అదీ క్షిపణుల్ని కనిపెట్టే ఓడే.

ఋషికుల్య: ధ్రువ్ సంగతి ఒప్పుకుంటాను. రేవుల మాట మాత్రం వదలను మాస్టారూ. 2024 జనవరి నుంచి ఏడాదిపాటు విదేశీ పరిశోధక ఓడలకి శ్రీలంక తలుపు మూస్తే, ఫిబ్రవరిలో షియాంగ్ యాంగ్ హాంగ్ 03 ఏకంగా మాల్దీవుల్లోని మాలేకి పోయి ఆగింది. రేవుతో పని లేకపోతే అంత దూరం ఎందుకు పోయినట్టు?