అప్‌డేట్: ఒకే స్కోరుకు రెండు హ్యాండిక్యాప్ లెక్కలెందుకో తెలిసింది

మా బావగారూ నేనూ వేర్వేరు గోల్ఫ్ కోర్సుల్లో 95 కొడితే (అంటే 95 దెబ్బల్లో ఆట ముగిస్తే), ఆ రౌండ్‌కి హ్యాండిక్యాప్ లెక్కలో (ఆటగాడి స్థాయిని చూపే లెక్క, అంకె తగ్గేకొద్దీ మెరుగు) నాకు 21.0, ఆయనకు 26.0 ఎందుకు పడ్డాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ చాలా థాంక్స్. స్కోర్‌కార్డులు ముందు పెట్టుకుని మీరు చెప్పినట్టే లెక్క వేశాను, సరిగ్గా సరిపోయింది.

తేడా అంతా కోర్సుదే. నేను ఆడిన చోట కోర్స్ రేటింగ్ (చాలా మంచి ఆటగాడు అక్కడ కొట్టే స్కోరు) 71.2, స్లోప్ (మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 128. 95లోంచి 71.2 తీసేస్తే 23.8. దాన్ని 113తో గుణించి 128తో భాగిస్తే 21.0. బావగారి కోర్సు రేటింగ్ 69.0, స్లోప్ 113, అంటే మామూలు కష్టం. అక్కడ 26.0 వస్తుంది. కష్టమైన కోర్సులో కొట్టిన 95కి విలువ ఎక్కువన్నమాట. ఇది నాకు భలే నచ్చింది.

ఇంకో సందేహమూ తీరింది. హ్యాండిక్యాప్ ఇండెక్స్, అంటే ఇలాంటి రౌండ్ల లెక్కలన్నీ చూసి మనకిచ్చే అంకె, సగటు స్కోరు కాదు. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 రౌండ్లలో మంచివి 8 మాత్రమే తీసుకుంటారు. కాబట్టి మామూలు రోజున దానికంటే ఎక్కువే కొడతాం, టెన్షన్ పడక్కర్లేదు.

నీళ్లలో బంతులు పోయి ఒక పార్ 4 హోల్‌లో (4 దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో) 10 పడిందనుకోండి. అక్కడ మన హ్యాండిక్యాప్‌ని బట్టి ఒక స్ట్రోక్ (దెబ్బ) రాయితీ ఉంటే 7కి మించి హ్యాండిక్యాప్ లెక్కలోకి రాదు. పార్ 4కి రెండు, రాయితీ ఒకటి కలిపితే 7, అంతే.

ఈ ఆదివారం బావగారూ నేనూ ఒకే కోర్సులో ఆడుతున్నాం.