లిథువేనియా విషయంలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) కలిసి నిలబడిందా, చేతులెత్తేసిందా?

తూనికరాయి:
2021 నవంబరు 18న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో తైవాన్ ప్రతినిధి కార్యాలయం తెరుచుకుంది. మిగతా యూరప్‌లో వీటికి 'తైపీ' అనే పేరుంటుంది, ఇక్కడ 'తైవాన్' అన్నారు. తైవాన్ తనదేననే చైనా మూడు రోజుల్లో లిథువేనియాతో దౌత్య సంబంధాల స్థాయి తగ్గించింది. డిసెంబరు మొదట్లో చైనా కస్టమ్స్ సిస్టంలో లిథువేనియా పేరే మాయమైంది. ఈయూలో 27 దేశాలకూ ఒకటే వాణిజ్య విధానం అంటారు కదా, ఒకదాన్ని విడదీసి కొడితే మిగతా 26 ఏం చేశాయి? 2022 జనవరిలో ఈయూ వాళ్లు ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో చైనా మీద కేసు వేశారు, 2024 జనవరిలో తామే ఆపించుకున్నారు, ఆ తర్వాత ఏడాదికి అది మురిగిపోయింది. నా లెక్కలో చేతులెత్తేసినట్టే.

హెచ్‌ఎస్_కోడ్:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. దెబ్బ ఎలా పడిందో చూడాలి. లిథువేనియా ఎగుమతుల్లో నేరుగా చైనాకు పోయేది 1 శాతం చుట్టుపక్కలే, అది ఆగినా తట్టుకుంటారు. అసలు పోటు రెండోది: లిథువేనియా విడిభాగాలు వాడితే మీ సరుకుకీ ఇబ్బందేనని ఇతర దేశాల కంపెనీలకు ఒత్తిడి. సుంకం పెంచితే నోటిఫికేషన్ ఉంటుంది, పట్టుకుని కేసు వేయొచ్చు. సిస్టంలో దేశం పేరే లేకపోతే డిక్లరేషన్ దాఖలు కాదు, తిరస్కరించినట్టు కాగితమూ రాదు. ఇక సాక్ష్యం చెప్పాల్సింది కంపెనీలు. చైనా మార్కెట్ పోతుందని అవి నోరు విప్పవు.

తూనికరాయి:
నేనంటున్నదీ అదేనండి! పగులు అక్కడే. జర్మన్-బాల్టిక్ వాణిజ్య మండలి రాసిన లేఖ 2022 జనవరిలో బయటికొచ్చింది: చైనాతో సర్దుకోకపోతే కొన్ని ఫ్యాక్టరీలు మూతపడొచ్చని. లేఖ వెళ్లింది బీజింగ్‌కి కాదు, లిథువేనియా మంత్రులకు. అదే నెల ఆ దేశాధ్యక్షుడు నౌసేడా కూడా పేరు పెట్టిన తీరు పొరపాటన్నారు.

రేవు_కబురు:
ఇది ఒక్క యూరప్ జబ్బే కాదు. 2020 మేలో ఆస్ట్రేలియా బార్లీ మీద చైనా 80.5 శాతం సుంకం వేస్తే ఆ ఖాళీలోకి ఫ్రాన్స్, కెనడా బార్లీ వెళ్లింది. బొగ్గు ఆపితే అమెరికా బొగ్గు వెళ్లింది. అందరూ మిత్రులే మరి! ఆస్ట్రేలియా నిలబడిందంటే సరుకు స్వభావం వల్ల. బార్లీ సౌదీకి మళ్లింది. చైనా రేవుల్లో ఇరుక్కున్న బొగ్గులో కొంత 2021లో మనవాళ్లే తగ్గింపు ధరకు కొన్నారు. ఫలానా మోడల్ కారు కోసం చేసిన భాగాన్ని అలా మళ్లించలేరు.

హెచ్‌ఎస్_కోడ్:
అందుకే ఈయూ 2023 డిసెంబరు 27 నుంచి బలవంతపు ఒత్తిడికి విరుగుడు చట్టం అమల్లోకి తెచ్చారు. ఈయూ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ పరిశీలనకు 4 నెలలు. ఇది బలవంతమేనని సభ్య దేశాల మంత్రుల మండలి తేల్చడానికి 8 వారాలు, సాగితే 10. తర్వాత మాటలు, కుదరకపోతే సుంకాలు, టెండర్ల నుంచి వెలి, పెట్టుబడులకు అడ్డు. ఏ ఒక్క దేశానికీ వీటో లేదు: 15 దేశాలు, జనాభాలో 65 శాతం చాలు.

తూనికరాయి:
దాదాపు ఆరు నెలలకు 'అవును, కొట్టారు' అని తేలుస్తారన్నమాట. ఈలోగా రేవులో ఆగిపోయిన కంటైనర్‌కి డెమరేజ్ (ఆలస్యపు రుసుము) ఎవరు కడతారు? ఓటు లెక్కా చూడండి. జనాభాలో జర్మనీ ఒక్కటే 18 శాతం పైన, ఇటలీ 13. వీటికి మరో రెండు మధ్యరకం దేశాలు తోడైతే 35 శాతం దాటి తీర్మానం ఆగిపోతుంది. 2025లో అమెరికా సుంకాలప్పుడు ఈ ఆయుధం తీయమని ఫ్రాన్స్ అంది. జులై 27న 15 శాతం సుంకానికి ఒప్పుకుని వచ్చారు.

హెచ్‌ఎస్_కోడ్:
అది వేరే కథ. అక్కడ ఉక్రెయిన్ భద్రత కూడా బేరంలో ఉంది. అయినా డెమరేజ్ ప్రశ్న సరైనది, చట్టంలో బలహీన చోటు అదే. దెబ్బ తిన్న కంపెనీలకు ఉమ్మడి నిధి లేదు. 2022లో లిథువేనియా కంపెనీలకు 13 కోట్ల యూరోల పథకానికి కమిషన్ ఆమోదం తెలిపింది. డబ్బు మాత్రం లిథువేనియాదే.

రేవు_కబురు:
ఆ రోజుల్లో చైనాకు పోవాల్సిన లిథువేనియా రమ్ము 20 వేల సీసాలు కొన్నది కూడా తైవానే.