డీఎఫ్ కమాండ్ ఫలితాన్ని పైథాన్ వేరియబుల్‌లోకి తీసుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక చిన్న ఆఫీసులో లినక్స్ సర్వర్లు చూసుకునే పనిలో ఈ మధ్యే చేరాను. డిస్కు వాడకం 90 శాతం దాటితే మెయిల్ పంపేలా పైథాన్ స్క్రిప్టు రాసి, అందులో ఓఎస్ మాడ్యూల్‌లోని సిస్టమ్ ఫంక్షన్‌తో, డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్‌ను నడిపి, అది ఇచ్చినదాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకున్నాను. తెర మీద 94 శాతం అని కనిపిస్తోంది. వేరియబుల్‌ను ప్రింట్ చేస్తే మాత్రం 0 వస్తోంది. ఎర్రర్ ఏదీ లేదు. నిన్న డిస్కు నిండి సర్వర్ ఆగిపోయాక గానీ మెయిల్ రాలేదన్న సంగతి తెలియలేదు.

సమాధానం 1:
ఆ 0 డిస్కు లెక్క కాదండి, కమాండ్ సవ్యంగా ముగిసిందనే సంకేతం. సిస్టమ్ ఫంక్షన్ కమాండ్‌ను షెల్‌కు (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌కు) అప్పగించి, అది ఎలా ముగిసిందో మాత్రమే తిరిగి చెబుతుంది. కమాండ్ రాసిందంతా మీ ప్రోగ్రామ్ చేతికి రాకుండా నేరుగా తెర మీదికి పోతుంది. 0 ఎన్నటికీ 90 దాటదు కనుక మీ స్క్రిప్టు నోరు మెదపలేదు.

సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని రన్ ఫంక్షన్‌కు కమాండ్‌నూ దాని ఆప్షన్లనూ ఒక లిస్టుగా ఇచ్చి, క్యాప్చర్ అవుట్‌పుట్, టెక్స్ట్ అనే రెండింటికీ ట్రూ అని పెట్టండి. తిరిగొచ్చిన ఆబ్జెక్టులోని ఎస్‌టీడీఅవుట్‌లో ఫలితం స్ట్రింగ్‌గా ఉంటుంది. టెక్స్ట్ మరిచిపోతే బైట్లు వస్తాయి. ఈ రెండు ఆప్షన్లూ పైథాన్ 3.7లో వచ్చాయి కాబట్టి, ముందు సర్వర్‌లోని వెర్షన్ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, స్ట్రింగ్ వచ్చింది. దాన్ని ఇంట్‌తో సంఖ్యగా మార్చబోతే వాల్యూ ఎర్రర్ వస్తోంది.

సమాధానం 1:
కంటికి కనిపించని గుర్తులను కూడా చూపే రెప్ర్ ఫంక్షన్‌తో ప్రింట్ చేసి చూడండి. శాతం మాత్రమే అడిగినా డీఎఫ్ మొదటి లైనులో శీర్షిక రాస్తుంది. 94 పక్కన శాతం గుర్తు, చివర కొత్త లైను కూడా ఉంటాయి. చుట్టూ ఉన్న ఖాళీలను, కొత్త లైనును ఇంట్ సర్దుకుపోతుంది గానీ శాతం గుర్తును ఒప్పుకోదు. చివరి లైను తీసుకుని ఆ గుర్తును తొలగించండి.

సమాధానం 2:
చెక్ అనే ఆప్షన్‌కు కూడా ట్రూ పెట్టండి. లేకపోతే కమాండ్ విఫలమైనా స్క్రిప్టు ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. అసలు ఈ ఒక్క పనికి కమాండ్ ఎందుకన్నది నా అనుమానం: షుటిల్ మాడ్యూల్‌లోని డిస్క్ యూసేజ్ మొత్తం, వాడినది, ఖాళీ మూడింటినీ బైట్లలో నేరుగా ఇస్తుంది. అయితే వాడినదాన్ని మొత్తంతో భాగిస్తే డీఎఫ్ కన్నా తక్కువ శాతం రావచ్చు, ఎందుకంటే ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం స్థలాన్ని రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం అట్టే పెడుతుంది. అందుకే వాడినదాన్ని (వాడినది + ఖాళీ)తో భాగించండి.