వెలుగుమందు అందామా, ఇంకేమైనా అందామా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా బడి గోడపత్రికకి సైన్సు ముక్క ఒకటి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను: ఫోటోఫార్మకాలజీ. వెలుతురు పడితే పని మొదలుపెట్టే మందుల శాస్త్రం. 'కాంతి ఉత్తేజిత ఔషధం' అని చదివి వినిపిస్తే ఎనిమిదో తరగతి పిల్ల "టీచర్, అంటే టార్చిలైటా?" అంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఇలాంటి మాట రాయడానికి మనసొప్పలేదు. 'వెలుగుమందు' ఎలా ఉంది?

సంగతి ఇదీ. ఇలాంటి చాలా మందులకు అజోబెంజీన్ అనే ముక్క తగిలిస్తారు. మామూలుగా నిటారుగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే వంగుతుంది. నీలికాంతి వేసినా, చీకట్లో వదిలేసినా మళ్లీ సాగుతుంది. ఈ వంపును 1937లోనే హార్ట్లీ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. వంగినదీ సాగినదీ నాడీకణం మీది గ్రాహకానికి, అంటే మందు వచ్చి అతుక్కునే చోటికి, ఒకేలా అతకవు, కిటుకంతా అక్కడే. 2021లో బార్సిలోనా పరిశోధకులు ఇలాంటి మందుతో ఎలుక మెదడు అలల తీరు మార్చారు. వెలుతురుతోనే నాడీకణాలను నడిపించే ఇంకో పద్ధతి ఆప్టోజెనెటిక్స్‌లోలాగా జన్యువు ఎక్కించే పని లేదు.

గుణుపురం: అమ్మా, వెలుగుమందు అంటే మా వాడలో మతాబాలే అనుకుంటారు. పైగా మెదడు మీద పనిచేసేది అంటున్నారు. "ఆడికి మందెట్టేసినారు" అంటే ఏమిటో మీకు తెలియదా?

పర్లాకిమిడి: అయ్యో మాస్టారూ, అది తట్టనేలేదు! అత్తాకోడళ్ల గొడవల్లో సగం ఆ మాటే.

బరంపురం: నాది మందుల షాపు. ఇది మనకి మరీ కొత్త కాదండి. బొల్లి మచ్చలకు బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేవారు కదా. అందులోని సొరాలెన్ అనే పదార్థాన్ని పనిచేయించేది ఎండలోని అతినీలలోహిత కాంతే. దానికి విడిగా పేరేమీ పెట్టలేదు, "రాసుకుని ఎండలో కూర్చో" అనేవారు, అంతే. (ఇంట్లో ప్రయత్నించకండి, బొబ్బలెక్కుతాయి.)

రాయగడ: పొద్దుతిరుగుడు పువ్వు ఉంది కదా. 'వెలుగుతిరుగుడు మందు' అనండి.

గుణుపురం: మెదడు మందుకి తిరుగుడు తగిలిస్తే తల తిరుగుడు అనుకుంటారు బాబూ.

రాయగడ: సరే సరే. 'వెలుతురుకు మేలుకునే మందు'?

బరంపురం: కొన్ని ఉల్టా అండి. చీకట్లో పనిచేసి, వెలుతురు పడగానే ఆగిపోతాయి. మేలుకోవడం అంటే సగం మందులకే సరిపోతుంది.

పర్లాకిమిడి: అయితే 'వెలుతురుకు మారే మందు'. పొడుగే, కానీ రెండు వైపులా అతుకుతుంది. శాస్త్రం పేరు మాత్రం ఫోటోఫార్మకాలజీ అనే ఉంచేస్తాను. టీవీని ఎవరు దూరదర్శిని అంటున్నారు? అన్నట్టు, ఆ పిల్లే మళ్లీ అడిగింది, పుర్రె లోపలికి వెలుతురు ఎలా పోతుందని. టార్చికి నా వేళ్లు అడ్డం పెట్టి చూపించాను. ఎరుపు ఒక్కటే ఇవతలికొచ్చింది. నీలం ఒంట్లో ఎక్కువ దూరం పోదు, అందుకే ఎరుపుకి మారే అణువుల కోసం వెతుకుతున్నారని చెప్పాను.

గుణుపురం: ఆ వేళ్ల బొమ్మ గోడపత్రికలో వెయ్యండమ్మా. పేరు దాని కింద రాయొచ్చు.