బ్రేకు దుమ్ము నుంచి అల్లాయ్ చక్రాలకు రక్షణ: పూతతోనా, ప్యాడ్లతోనా, కడగడంతోనా?

పెన్నాగట్టు (నెల్లూరు):
ఉద్యోగరీత్యా నా కారు నెల్లూరు, ఒంగోలు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా తిరుగుతుంది. ముందు చక్రాలు రెండూ నాలుగైదు రోజులకే నల్లబడుతున్నాయి. వెనుక చక్రాల మీద మాత్రం మామూలు రోడ్డు దుమ్మే తప్ప ఆ నలుపు కనిపించదు. మినీ బైపాస్‌లోని ఒక డీటెయిలింగ్ షాపువారు చక్రాలకు సిరామిక్ కోటింగ్ (గాజులాంటి గట్టి పూత) వేయిస్తే ఇక దుమ్ము అంటనే అంటదని చెబుతున్నారు. మా మెకానిక్ ఏమో ఆ డబ్బుతో బ్రేకు ప్యాడ్లు (చక్రంతో తిరిగే ఇనుప డిస్కును నొక్కి ఆపే దిమ్మెలు) మార్చుకోమంటున్నాడు. విదేశాల్లో చక్రానికీ డిస్కుకీ మధ్య రేకులు బిగిస్తారనీ, అవి తెప్పించుకుంటే సరిపోతుందనీ మా బావగారి సలహా. ముగ్గురూ ఒకే నమ్మకంతో మాట్లాడుతున్నారు. దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.

కావలి గ్యారేజి:
పెన్నాగట్టు గారూ, ముందు చక్రాలే నల్లబడటానికి కారణం ఉంది. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది కనుక బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకులదే. పైగా మన వైపు తిరిగే చాలా కార్లకు వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. అరిగిన పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. ముందున్న డిస్కుకు ఆ మూత లేదు.

ఆ నల్లపొడి అంతా ప్యాడ్ల నుంచే వస్తుందనుకోవడం సరికాదు. డిస్కు పోత ఇనుముతో చేసినది, ప్యాడ్డు ఒరుసుకున్న ప్రతిసారీ అదీ కొంత అరుగుతుంది. వేడిగా ఎగిరిన ఆ ఇనుప రజను చక్రం మీది క్లియర్ కోటుకు (రంగును కాపాడే పారదర్శక పొరకు) అతుక్కుని, తేమ తగిలితే తుప్పు పట్టి, చివరికి నారింజ రంగు చుక్కలుగా తేలుతుంది. ఆ దశకు వచ్చాక మామూలు షాంపూతో పోదు.

కాబట్టి నా వాదన ఒక్కటే: పొడి పుట్టే చోటే తగ్గించాలి. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో బరువు లెక్కన సుమారు 30 నుంచి 65 శాతం దాకా లోహమే ఉంటుంది; అవి వేడికి బాగా తట్టుకుంటాయి, కానీ డిస్కును ఎక్కువగా తింటాయి, పొడీ ఎక్కువే రాలుస్తాయి. సిరామిక్ ప్యాడ్లు రాల్చే పొడి తక్కువ, దాని రంగు కూడా లేత. ధర ఎక్కువన్న మాట నిజమే. మీ మోడలుకు కంపెనీ ఆమోదించిన రకం దొరికితేనే తీసుకోండి. చక్రం మెరుపు కోసం బ్రేకు పట్టును వదులుకోకూడదు.

కొత్తపట్నం తీరం:
గ్యారేజి గారి వివరణతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. సముద్రానికి దగ్గరగా ఉండే మాకు పొడి ఎంత రాలుతుందన్నదాని కన్నా, రాలిన పొడి ఎంత త్వరగా తుప్పు పడుతుందన్నదే సమస్య. ఉప్పుగాలి తగిలే చోట ఇనుప రజను ఒక్క రాత్రి తేమకే రంగు మారుతుంది. ఎంత మంచి ప్యాడ్డు వేసినా డిస్కు అరుగుదల ఆగదు కదా? అందువల్ల రజనుకూ క్లియర్ కోటుకూ మధ్య ఒక పొర ఉండి తీరాలి.

మైనం ఆ పని చేయలేదు. కార్నూబా మైనం సుమారు 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేసవిలో మన ఎండకు బ్రేకు వేడి తోడైతే చక్రం మీద అది ఎన్నాళ్లు నిలుస్తుంది? సిలికా ఆధారిత సిరామిక్ పూత అంతకన్నా చాలా ఎక్కువ వేడికి నిలబడుతుంది. నేను వేయించాను, సంతృప్తిగా ఉన్నాను.

చీమకుర్తి రోడ్డు:
మీరంతా బ్రేకు దుమ్ము గురించే మాట్లాడుతున్నారు. మా దారిలో గ్రానైటు లారీల వెనుక ఒక్క పూట నడిపితే చక్రం మీద చేరేది రాతిపొడి. దాన్ని పొడిగుడ్డతో తుడిచారంటే పూత అయినా, క్లియర్ కోటు అయినా గీతలు పడక తప్పదు. డబ్బు పెట్టే ముందు వారానికొకసారి బాగా నీళ్లు కొట్టి, మెత్తని బ్రష్షుతో షాంపూ పెట్టి కడిగి చూడండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మరొక మాట. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే సున్నపు మరకలు మిగులుతాయి. నీడలో కడిగి వెంటనే తుడవాలి.

పెన్నాగట్టు (నెల్లూరు):
అందరికీ ధన్యవాదాలు. తీరం గారూ, షాపువారు చెప్పినట్టు పూత వేయించాక దుమ్ము నిజంగా అంటడం లేదా? శ్రీశైలం వెళ్లేటప్పుడు దోర్నాల ఘాట్ ఎక్కి దిగుతుంటాను, ఆ వేడికి కూడా పూత నిలుస్తుందా? రేకుల గురించి ఎవరూ చెప్పలేదు.

కొత్తపట్నం తీరం:
అంటదని నేను చెప్పను, అలా చెప్పేవారిని నమ్మవద్దు. దుమ్ము పడుతుంది, కాకపోతే నీటి ధారకే చాలావరకు జారిపోతుంది, గట్టిగా రుద్దే అవసరం తప్పుతుంది. నెలల తరబడి కడగకుండా వదిలేస్తే పూత ఉన్న చక్రమూ పాడవుతుంది. అంటే చీమకుర్తి వారి మాట కొట్టివేయలేను, కానీ కడగడం తేలికైతేనే మనిషి క్రమం తప్పకుండా కడుగుతాడు.

ఘాట్ సంగతికి వస్తే, డిస్కు ఎంత కాగినా చక్రపు అంచుకు అంత వేడి చేరదు. నా పూతకు ఇబ్బంది రాలేదు. పూత వేసే ముందు పాత ఇనుప రజను పూర్తిగా తీయించండి. లేకపోతే తుప్పును లోపల పెట్టి మూత వేసినట్టే.

కావలి గ్యారేజి:
రేకుల విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు: వద్దు. డిస్కు చల్లారేది గాలి ఆడటం వల్లనే. ఆ దారికి రేకు అడ్డం పెడితే వేడి డిస్కులో, ప్యాడ్లలో, చివరికి బ్రేకు ఆయిల్లో చేరుతుంది. దోర్నాల ఘాట్ దిగుతూ ఉండగా బ్రేకు పెడల్ మెత్తబడి పట్టు తప్పితే అప్పుడు చక్రం నలుపు గుర్తుకు రాదు. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ పట్టు మీద దిగితే బ్రేకులూ మిగులుతాయి, పొడీ తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

పాత రజను తీయడానికి ఐరన్ రిమూవర్ ద్రవాలు దొరుకుతాయి. వాటిలోని థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిసి ఊదా రంగుకు తిరుగుతుంది. వాసన దుర్భరంగా ఉంటుంది, చేతులకు తొడుగులు వేసుకోవాలి. చక్రం పూర్తిగా చల్లారాకే చల్లాలి, ఎండిపోక ముందే కడిగేయాలి. కొన్ని వాటర్ సర్వీసింగ్ షెడ్లలో తొందర పని కోసం యాసిడ్ వాడతారు. చక్రం ఆ పూటకు తళతళలాడుతుంది, తర్వాత క్లియర్ కోటు పాలిపోయి పొరలు లేస్తుంది. అడిగి తెలుసుకున్నాకే బండిని వాళ్లకు అప్పగించండి.

దర్శి పంతులు:
చర్చ అంతా చక్రం అందం చుట్టూ తిరుగుతోంది. ఆ పొడిని మనం పీలుస్తామన్న సంగతి కూడా చూడాలి. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు పొగతో పాటు బ్రేకుల నుంచి వెలువడే సూక్ష్మకణాలకూ తొలిసారి హద్దు పెట్టాయి: పెట్రోలు, డీజిలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్తు కార్లకు 3 మిల్లీగ్రాములు. విద్యుత్తు కారు మోటారుతోనే చాలావరకు వేగం తగ్గించుకుంటుంది కనుక దాని ప్యాడ్లకు పని తక్కువ. మన షెడ్లలో మాత్రం డ్రమ్ము విప్పగానే గాలి గొట్టంతో ఊదుతారు, పక్కనే కుర్రవాడు ముఖానికి గుడ్డ కూడా లేకుండా కూర్చుని ఉంటాడు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోయే పని అది. ఈ కారణంగా నేను గ్యారేజి వారి పక్షమే.

పెన్నాగట్టు (నెల్లూరు):
రేకుల ఆలోచన మానుకున్నాను. ప్యాడ్లు ఎలాగూ అరిగే దశకు వచ్చాయి కనుక ముందు సిరామిక్ రకం వేయించి, నీడలో వారం వారం కడుగుతూ చూస్తాను. పూత సంగతి వానలయ్యాక చూద్దామనుకుంటున్నాను.

కొత్తపట్నం తీరం:
వానలయ్యాకనా? నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల తడి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. పొర అవసరమయ్యేది ఆ నెలల్లోనే. వేయిస్తే అంతకు ముందే వేయించండి.

కావలి గ్యారేజి:
పూత మీద తీరం గారితో నా వాదన ఇంకా అలాగే ఉంది, తొందర లేదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పొడి మామూలు కన్నా ఎక్కువే రాలుతుంది. అది చూసి ప్యాడ్లు బాగాలేవని తేల్చకండి. సర్దుకున్నాక ఒకసారి శుభ్రంగా కడిగి, అక్కడి నుంచి లెక్క చూసుకోండి.