మార్చిలో డెత్ వ్యాలీ సూర్యోదయం: జబ్రిస్కీ పాయింటా, ఇసుక తిన్నెలా?

డాలస్ కుర్రాడు:
మార్చి చివరి వారం అమ్మానాన్నలతో వేగస్ వస్తున్నాను. కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీలో ఒక్క రాత్రే బస, అంటే ఒక్క సూర్యోదయమే దొరుకుతుంది. రూమ్ ఫర్నెస్ క్రీక్‌లో. ఫొటోలకి మట్టి కొండలు కనిపించే జబ్రిస్కీ పాయింట్ మేలా, మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెలు మేలా? నాన్నకి మోకాళ్ల నొప్పులు. కుదిరితే ఫ్రేములో నారింజ రంగు పాపీ పూలు కూడా పడాలని ఆశ.

ఫీనిక్స్ వాసి:
జబ్రిస్కీకే వెళ్లండి. మీ రూమ్ నుంచి పది నిమిషాల డ్రైవ్. పార్కింగ్ నుంచి పైకి చదును చేసిన బాట ఉంది, కాస్త ఏటవాలుగా ఉన్నా నాన్నగారు ఆగుతూ ఎక్కగలరు. అక్కడ సూర్యుడు మన వీపు వెనక నుంచి వస్తాడు, చూడాల్సింది పడమర వైపు. ముందు పానమింట్ కొండల కొనలు గులాబీ రంగుకి వస్తాయి. ఆ రంగు మెల్లగా కిందికి దిగుతుంది. ఎదురుగా కోసుగా నిలబడ్డ మట్టి కొండ మ్యాన్లీ బీకన్ మీద ఎండ పడేది ఆ తర్వాతే.

ఇసుకదారి:
నేను ఒప్పుకోను. వెనక నుంచి ఎండ నేరుగా పడితే ఆ మట్టి కొండల ముడతల్లో నీడే ఉండదు, ఫొటో చప్పగా వస్తుంది. తిన్నెల మీద ఎండ పక్క నుంచి వస్తుంది. పోయిన వసంతంలో నేను చీకట్లోనే హెడ్‌ల్యాంప్ పెట్టుకుని మైలు పైనే నడిచాను. పార్కింగ్ దగ్గర అంతా అడుగుల జాడలే కాబట్టి అంత దూరం పోక తప్పదు. రాత్రంతా గాలి వీచింది. తెల్లారేసరికి ఇసుక దువ్వెనతో దువ్వినట్టుంది. కొండ మీంచి ఎండ తాకగానే ప్రతి చారకీ ఒక పక్క బంగారు రంగు, రెండో పక్క నీలం. దాదాపు అరగంట, అంతే. తర్వాత నీడలు పొట్టివైపోయాయి. వసంతంలో గాలులు ఎక్కువ, అక్కడ లెన్స్ మాత్రం మార్చకండి.

ఫీనిక్స్ వాసి:
అన్నా, మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఇసుకలో మైలు నడిపిస్తారా? ఇక చప్పగా ఉంటుందన్నది ఎండ పూర్తిగా పడ్డాక మాట. మార్చి చివర సూర్యోదయం 6:40 ప్రాంతంలో. 5:50కల్లా ట్రైపాడ్ నిలబెడితే ఆ లోపే మంచి వెలుగు దొరుకుతుంది.

తెల్లారుజాము:
పూల గురించి ఎవరూ చెప్పలేదు. పాపీ పూలు రాత్రి ముడుచుకుని ఎండెక్కాక గానీ విచ్చుకోవు. సూర్యోదయానికి మీకు మొగ్గల్లాగే కనిపిస్తాయి. డెత్ వ్యాలీలో వెతకాల్సింది పొద్దుతిరుగుడు జాతి పసుపు పూలు, డెసర్ట్ గోల్డ్. శీతాకాలం వానలు బాగా పడితేనే అవి విరివిగా పూస్తాయి. 2016లో బ్యాడ్‌వాటర్ రోడ్డు పొడవునా పూశాయి. పూలున్నా లేకపోయినా నా ఓటు బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానానికే. నిలబడే చోటు సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, ఎదురుగా టెలిస్కోప్ శిఖరం 3,366 మీటర్లు. వెనకున్న కొండలు ఎండని అడ్డుకుంటాయి కాబట్టి శిఖరం వెలిగిపోతున్నా ఉప్పు నేల చాలాసేపు నీడలోనే నీలంగా ఉంటుంది. నడకంతా చదునే, మీ నాన్నగారికీ సులువు. పూలు కనిపిస్తే మాత్రం రోడ్డంచు నుంచే తీయండి. మంచి యాంగిల్ కోసమని కొందరు మొక్కల మధ్యకి దిగి తొక్కేస్తుంటే చూడలేకపోయాను, అవి విత్తనం పెట్టకముందే నలిగిపోతున్నాయి.

ఇసుకదారి:
మోకాళ్ల సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు, నిజమే. అమ్మానాన్నలతో అయితే బ్యాడ్‌వాటర్‌కి వెళ్లండి. తిన్నెలకి ముందురోజు సాయంత్రం వెళ్లండి, అప్పుడూ ఎండ పక్క నుంచే వస్తుంది, పార్కింగ్ దగ్గరే వాళ్లని కూర్చోబెట్టొచ్చు. కానీ మరోసారి ఒక్కరే వస్తే తెల్లవారుజామున తిన్నెలకే రండి. జబ్రిస్కీ విషయంలో నా మాట మారదు.